మచుపిచ్చుకు 'ఇంకా' దారిన నాలుగు రోజులు: ఎక్కడానికే కాదు, దిగడానికీ సిద్ధం కండి

ఒకప్పుడు పెరూను ఏలిన 'ఇంకా' జాతి సామ్రాజ్యంలో బండి లేదు, గుర్రం లేదు. సామాను మోసింది లామాలనే ఒంటె జాతి జంతువులు, కబురు మోసింది పరుగెత్తే మనుషులు. బండి నడిచే దారైతే కొండను చుట్టుకుంటూ వాలుగా పోవాలి. కాళ్లు నడిచే దారికి ఆ అవసరం లేదు కాబట్టి రాతిమెట్లు పేర్చి నిటారుగా ఎక్కించారు, అంతే నిటారుగా దించారు. పెరూలోని ఇంకా ట్రయిల్‌కి బయల్దేరేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మీరు నడవబోయేది చాలావరకు మెట్లదారి.

మొత్తం దూరం సుమారు 42 కి.మీ. ఉరుబాంబా నది ఒడ్డున, రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో నడక మొదలవుతుంది. రెండో రోజు 4,215 మీటర్ల దాకా ఎక్కి, నాలుగో రోజు 2,430 మీటర్ల దగ్గర, ఇంకాలు కొండ మీద కట్టిన పాత ఊరు మచుపిచ్చులో ముగుస్తుంది. అంటే మొదలుపెట్టిన చోటుకన్నా చేరే చోటే కింద ఉంది. ఎక్కేదానికన్నా దిగేది ఎక్కువన్నమాట. అందరూ ఎక్కడం గురించే కంగారు పడతారు గానీ, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.

అనుమతి, పేరు, పాస్‌పోర్టు

సొంతంగా వెళ్లి నడుస్తామంటే కుదరదు. లైసెన్సున్న సంస్థ ద్వారా, గైడుతోనే వెళ్లాలి. రోజుకు 500 మందినే లోపలికి పంపుతారు. ఆ లెక్కలో గైడ్లు, వంటవాళ్లు, పోర్టర్లు కూడా ఉంటారు, కాబట్టి యాత్రికులకు మిగిలేవి సుమారు 200 మాత్రమే. మే నుంచి ఆగస్టు దాకా ఉన్న తేదీలు నెలల ముందే అయిపోతాయి. ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే కనీసం ఆరునెలల ముందు డబ్బు కట్టేయండి. ఫిబ్రవరి నెలంతా మరమ్మతుల కోసం దారి మూసేస్తారు.

అనుమతిపత్రం మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. వేరే మనిషి పేరుకు మార్చరు. మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి వెనక. బుకింగ్ ఫారం మాత్రం రెండు గడులూ నింపమంటుంది. అందాజాగా నింపకండి. పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ పంపి, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించమనండి. అనుమతి చేతికొచ్చాక అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఈలోగా పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే సంస్థకు వెంటనే చెప్పి, పాతదీ కొత్తదీ రెండూ వెంట ఉంచుకోండి. 82వ కిలోమీటరు గేటు దగ్గర అసలు పాస్‌పోర్టే చూస్తారు. జిరాక్సు కాపీ, ఫోన్లో ఫొటో పనికిరావు.

వీసా సంగతి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, యూరప్‌లోని షెంజెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం ఆరునెలల గడువుతో ఉన్నా, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నా, భారత పాస్‌పోర్టు మీద పర్యటనకు పెరూ వీసా అక్కర్లేదు. టికెట్టు కొనేముందు పెరూ ఎంబసీలో ఒకసారి అడిగి రూఢి చేసుకోండి. అమెరికాలో హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. ఐ-797 అనే మంజూరు కాగితం మీద పొడిగింపు ఉన్నా, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు దాటి ఉంటే ఈ మినహాయింపు వర్తించదు, పెరూ నుంచి అమెరికాకు తిరిగి రావడానికీ ఆ కాగితం చాలదు. కెనడా, మెక్సికోలకు వెళ్లొచ్చినవాళ్లకు దొరికే వెసులుబాటు పెరూకి లేదు.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు యెల్లో ఫీవర్ టీకా మరిచిపోకూడదు. నడిచే దారిలో ఆ జబ్బు భయం ఉందని కాదు, మన ప్రభుత్వం పెట్టిన నిబంధన అది. పెరూ వెళ్లి నేరుగా తిరిగొచ్చేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపవచ్చు, ఆరు రోజుల దాకా. వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఏయే రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఈ దారిలో సామాను జంతువుల మీద వేయనివ్వరు. గుడారం, గ్యాస్ సిలిండరు, బియ్యం, అన్నీ మనుషుల వీపుల మీదే వస్తాయి. ఒక్కో పోర్టరు 20 కిలోలకు మించి మోయకూడదని చట్టం ఉంది, గేటు దగ్గర తూకం కూడా వేస్తారు. మిగతావాళ్లకన్నా బాగా చౌకగా తీసుకెళ్తామంటే ఆ తేడా పోర్టర్ల కూలిలోంచో, తిండిలోంచో, పడుకునే గుడారంలోంచో తగ్గించి ఉంటారు. మా గుంపుకు ఎంతమంది పోర్టర్లు, వాళ్లెక్కడ పడుకుంటారు, ఏం తింటారు, ఆక్సిజన్ సిలిండరు వెంట తెస్తారా అని రాసి అడగండి. జవాబు తిన్నగా రాకపోతే ఇంకో సంస్థను చూసుకోండి. గుంపులో పదహారుమందికి మించి ఉండకూడదు, ఎనిమిదిమంది దాటితే రెండో గైడు ఉండాలి.

అనుమతి దొరక్కపోతే 104వ కిలోమీటరు నుంచి రెండు రోజుల చిన్న దారి ఉంది. దానికీ అనుమతి కావాలి గానీ కాస్త తేలిగ్గా దొరుకుతుంది. మచుపిచ్చు వైపే పోయే ఇంకో దారి సల్కంటాయ్‌కి ఈ కోటా గొడవ లేదు. అయితే దాని కనుమ 4,600 మీటర్ల పైన ఉంది. ఇంకా ట్రయిల్ దొరకలేదని దాన్ని సులువైన బదులుగా అనుకుంటే పొరపాటే.

మోకాళ్లకు మూడు నెలలు

అలిపిరి మెట్లెక్కినవాళ్లకు ఈ నడక సగం అర్థమైనట్టే. 3,550 మెట్లు, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర వచ్చే ఆయాసం. ఇక్కడ రెండో రోజు ఎక్కే ఎత్తు దానికి దాదాపు రెట్టింపు, అదీ గాలి పలచగా ఉన్నచోట. కానీ తిరుమలలో మనం ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగుతాం. ఇంకా ట్రయిల్‌కి సాధన చేస్తున్నవాళ్లు దిగడం కూడా నడిచే దిగాలి.

కారణం ఉంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. అలవాటు లేని కండరానికి ఈ రెండో పని దెబ్బ. ఆ పూట ఏమీ తెలియదు. మర్నాడు లేచేసరికి కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. అందుకే రెండో రోజు దిగినవాళ్లకు మూడో రోజు పొద్దున నరకం కనిపిస్తుంది.

మీ అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఒక అంతస్తు మూడు మీటర్లనుకుంటే, రెండో రోజు ఎక్కుడు నాలుగు వందల అంతస్తులు. ఒక్క రోజులో అంత ఎక్కి చూడాల్సిన పని లేదు. బయల్దేరే ముందు పన్నెండు వారాలు, వారానికి మూడు రోజులు మెట్ల సాధన పెట్టుకోండి. మొదటి వారం ఇరవై అంతస్తులు ఎక్కి ఇరవై దిగండి, వారానికి పదేసి పెంచుకుంటూ పోండి. లిఫ్టులో దిగితే ఆ పూట సాధన సగమే. ఆరో వారం నుంచి వీపు మీద ఐదారు కిలోల సంచి వేసుకోండి. చివరి నెలలో రెండు వారాంతాలు వరుసగా శని, ఆదివారాలు నాలుగైదు గంటలు నడవండి. మొదటి రోజు నొప్పులతో రెండో రోజు నడవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. మోకాలి చిప్ప దగ్గర సూదిలా పొడిచే నొప్పి వస్తే ఆపి డాక్టరును కలవండి. కండరం నొప్పి వేరు, కీలు నొప్పి వేరు.

బూట్లు కొత్తవైతే ఈ మూడు నెలలూ అవే తొడగండి. మామూలు కన్నా అర సైజు పెద్దవి తీసుకోండి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుంటాయి. నాలుగు గంటలు అలా కొట్టుకుంటే బొటనవేలి గోరు నల్లబడి, తర్వాత ఊడిపోతుంది. గోళ్లు ముందురోజే కురచగా కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

ఊపిరికి మూడు రాత్రులు

మోకాళ్లకు మన ఊళ్లో సాధన చేయవచ్చు, ఎత్తుకు చేయలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ వెతికినా 1,700 మీటర్లు దాటిన కొండ లేదు. ఆ అలవాటు అక్కడికి వెళ్లాకే కావాలి. ఎంత గట్టి ఒళ్లున్నా మినహాయింపు లేదు. రోజూ పరుగెత్తే కుర్రాడికి తల పగిలిపోతుంటే, పక్కనే వాళ్లమ్మ హాయిగా టీ తాగుతుండవచ్చు.

పెరూ రాజధాని లీమా సముద్రమట్టానికి దగ్గర, నడకకు బయల్దేరే ఊరు కుస్కో 3,400 మీటర్లు. విమానంలో గంటన్నరలోపు దించేస్తారు. దిగగానే కుస్కోలో హోటలు తీసుకోకుండా, కారులో పవిత్ర లోయలోని ఒయాంతాయ్‌తాంబోకు గానీ ఉరుబాంబాకు గానీ పోండి. అవి 2,800 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. అక్కడ రెండు రాత్రులు, తర్వాత కుస్కోలో ఒకటో రెండో రాత్రులు, ఆ పైన నడక. నడకకు ముందు మూడు రాత్రులకన్నా తక్కువ పెట్టుకోకండి. మొదటి రెండు రోజులు మద్యం ముట్టకండి, రాత్రి భోజనం తేలిగ్గా చేయండి.

డయమాక్స్ అని పిలిచే అసిటజోలమైడ్ మాత్ర చాలామంది వాడతారు. మామూలుగా ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి పూటకు 125 మి.గ్రా. చొప్పున రెండు పూటలా వేసుకోమంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం మామూలే. రాత్రి చలిలో గుడారం జిప్పు తీసుకుని రెండుసార్లు బయటికి పోవాల్సి వస్తుందని ముందే తెలిస్తే మంచిది.

కొద్దిగా తలనొప్పి, ఆకలి మందగించడం, సరిగా నిద్రపట్టకపోవడం అందరికీ ఉంటాయి. వాంతులు ఆగకపోయినా, గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవమంటే తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురగ కనిపించినా ఇక ఆలోచించేది లేదు, వెంటనే కిందికి దిగాలి. రాత్రి చూసి పొద్దున్నే దిగుదామనుకోకూడదు. గైడు దగ్గర ఈ లక్షణాలు దాచేవాళ్లు తమను తామే కాదు, గుంపునంతా ఇబ్బందిలో పెడతారు.

సంచిలో ఏముండాలి

పోర్టర్లు మోసే మీ సంచికి చాలా సంస్థలు ఏడు కిలోలే ఇస్తాయి. అందులో స్లీపింగ్ బ్యాగు, కింద పరిచే మ్యాటు పోను బట్టలకు మిగిలేది నాలుగు కిలోలే. జూన్, జూలై రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతాయి, కాబట్టి స్లీపింగ్ బ్యాగు మైనస్ పది డిగ్రీలకు తగ్గది తీసుకోండి. కుస్కోలో అద్దెకు దొరుకుతుంది.

నూలు బనియన్లు వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, కనుమ దగ్గర గాలి తగలగానే ఒళ్లు గడ్డకడుతుంది. త్వరగా ఆరే సింథటిక్‌గానీ ఉన్నిగానీ లోపల, ఫ్లీసు దానిపైన, వాన ఆపే జాకెట్టు అన్నిటికీ పైన. వానలు లేని కాలమైనా వానకోటు వదిలేయకండి. చేతికర్రల కింద రబ్బరు మొనలు తప్పనిసరి, ఇనుపమొనలు రాళ్లను చెక్కేస్తాయని రానివ్వరు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలూ నిషేధమే. రెండున్నర లీటర్లు పట్టే సీసాలు తెచ్చుకుంటే, రెండో రోజు నుంచి వంటవాళ్లు కాచిన నీళ్లు నింపిస్తారు. దారిలో చార్జింగు లేదు. పవర్ బ్యాంకు, ఫోను రాత్రి మీతోపాటే స్లీపింగ్ బ్యాగులో పడుకోవాలి, లేకపోతే చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

శిబిరాల్లోవి ఎక్కువగా గొంతుక్కూర్చునే రకం మరుగుదొడ్లే. మనకు కొత్త కాదు. కాగితం ఉండకపోవచ్చు, నీళ్లు ఉండకపోవచ్చు, రెండూ మీ దగ్గర ఉండాలి.

తిండి విషయంలో శాకాహారులు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పెరూలో 'సిన్ కార్నె' అంటే చాలామందికి ఎర్ర మాంసం వద్దనే అర్థమవుతుంది, కోడి ముక్కలు ప్లేట్లోకి వచ్చేస్తాయి. 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో' అని మాంసం, కోడి, చేప మూడూ విడివిడిగా చెప్పండి. సూపు దేంతో కాచారో అడగండి. గుడ్డు తినకపోతే అదీ చెప్పండి. నాలుగు రోజులూ కీన్వా గింజలు, బంగాళదుంప, పప్పుగింజలు, అన్నం వస్తాయి. 3,600 మీటర్ల దగ్గర నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం కాస్త బిరుసుగా ఉంటే వంటవాణ్ణి ఏమీ అనకండి. పచ్చడి తీసుకెళ్లేవాళ్లకో మాట: కింద మూత బిగించిన సీసా పైకి వెళ్లేసరికి లోపలి గాలి ఉబ్బి, తెరవగానే నూనె చిమ్ముతుంది. గిన్నె మీద పట్టుకుని మెల్లగా తిప్పండి. పొడి అయితే ఏ గొడవా లేదు. పెరూలో దిగేటప్పుడు మాత్రం తెచ్చిన తిండి పదార్థాలు కస్టమ్స్ ఫారంలో రాయండి.

దారి

మొదటి రోజు సుమారు 12 కి.మీ. ఎత్తుపల్లాలు తక్కువ. లక్తపట శిథిలాల మీదుగా 3,000 మీటర్ల దగ్గరున్న వయ్యబాంబా చేరతారు. ఉత్సాహంలో వేగంగా నడిచి కాళ్లు ఖర్చు చేసుకోకపోతే చాలు.

రెండో రోజు వార్మీవన్యుస్క కనుమ. ఇంకాల కెచువా భాషలో 'చనిపోయిన స్త్రీ' అని. కింది నుంచి చూస్తే కొండ వాలు పడుకున్న ఆడమనిషి ఆకారంలో కనిపిస్తుంది. శిబిరం నుంచి 1,200 మీటర్ల పైచిలుకు ఎక్కాలి, నాలుగు నుంచి ఆరు గంటలు. మొదట అడవి నీడ ఉంటుంది, ఆ తర్వాత చెట్లుండవు, కనుమ కళ్లెదుటే కనిపిస్తూ ఎంతకీ దగ్గరికి రాదు. ఇక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్రతీరంలో దొరికేదానిలో అరవై శాతమే. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. మాట తెగిపోతుంటే తగ్గించండి. పది అడుగులు గబగబా వేసి రొప్పుతూ నిలబడటం కన్నా, ఊపిరికో మెట్టు చొప్పున ఆగకుండా పోవడమే తొందరగా చేరుస్తుంది. పైన పావుగంటకు మించి కూర్చోవద్దు, చెమట ఆరి చలి పట్టుకుంటుంది.

ఆ వెంటనే 600 మీటర్లు దిగి పకాయ్‌మాయు శిబిరం. ఇక్కడి నుంచే చేతికర్రల అసలు పని. దిగేటప్పుడు కర్రను ఐదారు సెంటీమీటర్లు పొడవు చేయండి. ముందు రెండు కర్రలూ కింది మెట్టు మీద ఆన్చి, తర్వాత కాలు దించండి. మోకాలు కాస్త వంచే ఉంచండి, నిటారు కాలితో దిగితే బరువంతా కీలు మీద పడుతుంది. మెట్టు మరీ ఎత్తుగా ఉంటే పక్కకు తిరిగి దిగండి. వెనక నుంచి పోర్టర్లు పరుగున వస్తారు. దారి ఇచ్చేటప్పుడు కొండవైపే నిలబడండి, లోయవైపు కాదు.

మూడో రోజు అన్నిటికన్నా పొడవు, దాదాపు 16 కి.మీ., అన్నిటికన్నా అందమైనది కూడా. గుండ్రటి రుంకురకాయ్ శిథిలం దాటి, 3,950 మీటర్ల రెండో కనుమ. అది దాటాక కాళ్ల కింద ఉన్న రాళ్లలో చాలావరకు ఇంకాలు పరిచినవే. సాయక్‌మార్క శిథిలాలకు దారి పక్కన ఇరుకు మెట్లెక్కాలి. అలసిపోయామని కింద కూర్చుండిపోయేవాళ్లున్నారు, ఎక్కి చూడండి. తర్వాత రాతిని తొలిచిన సొరంగం, మబ్బులు కిందుండే పుయుపటమార్క. అక్కడి నుంచి విన్యాయ్ వాయ్నా శిబిరం దాకా దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, వరసగా మెట్లే మెట్లు. ఎంత దూరం అని గైడును అడిగితే మన భాషలోనే జవాబొస్తుంది: ఇంకా! వానపడితే ఈ రాళ్లు సబ్బుముక్కల్లా ఉంటాయి. తడిసిన రోజున గంట ఆలస్యమైనా పర్వాలేదు, ఫొటో తీస్తూ నడవకండి. ఫొటో కావాలంటే ఆగి తీసుకోండి.

ఆ సాయంత్రమే పోర్టర్లకు వీడ్కోలు. నాలుగో రోజు తెల్లవారకుండానే వాళ్లు గుడారాలు విప్పి, తొలి రైలు అందుకోవాలి. టిప్పు పెరూ డబ్బు సొలెస్‌లో, చిన్న నోట్లలో ముందే తెచ్చి ఉంచుకోండి, దారిలో ఏటీఎం ఉండదు. ఎవరి చేతికి వాళ్లకే ఇవ్వడం మంచిది. కెచువాలో 'సుల్పాయ్‌కి' అంటే కృతజ్ఞతలు.

నాలుగో రోజు మూడు, మూడున్నరకే లేపుతారు. గేటు తెరిచేది అయిదున్నరకు, అప్పటిదాకా చీకట్లో బల్లల మీద నిరీక్షణ. తెరవగానే జనం పరుగు తీస్తారు. మీరు తీయకండి, ఈ పొద్దున ఆ దారిలో ఒక పక్క లోయే. గంట, గంటన్నరలో చేతులు కూడా ఆన్చి ఎక్కాల్సిన నిటారు మెట్లు వస్తాయి, అవి దాటితే 'ఇంతి పుంకు'. కెచువాలో 'సూర్యద్వారం' అని అర్థం. చాలా ఉదయాలు ఇక్కడ పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. ఒక అరగంట ఆగితే తెర తొలగవచ్చు. అక్కడి నుంచి మచుపిచ్చు ముప్పావు గంట దిగుడు.

మచుపిచ్చు లోపల మరుగుదొడ్డి లేదు, గేటు బయటే ఉంది. 40×35×20 సెం.మీ. కన్నా పెద్ద సంచిని గేటు దగ్గర భద్రపరచాలి. వైనాపిచ్చు శిఖరం కూడా ఎక్కాలనుంటే టికెట్టు వేరే, అదీ మర్నాటికి పెట్టుకోండి. నాలుగో రోజు మోకాళ్లకు ఆ మెట్లు చూపించకండి. కొండ కిందున్న ఊరు అగ్వాస్ కాలియెంతెస్‌కు బస్సు, అక్కడి నుంచి ఒయాంతాయ్‌తాంబోకు రైలు. రైలు టికెట్టు సాయంత్రానికి తీసుకోండి, మధ్యాహ్నానిదైతే పరుగులే.

కుస్కోలో సంచి సర్దేటప్పుడు జేబులన్నీ దులపండి. గైడు ఇచ్చిన కోకా ఆకులు (కొకెయిన్ తీసేది వీటి నుంచే), కోకా టీ పొట్లాలు, కోకా చాక్లెట్లు పెరూలో మామూలే గానీ ఇండియాలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, అమెరికాలోనూ నిషేధమే. అవి అక్కడే వదిలేసి, యెల్లో ఫీవర్ కార్డు చేతిసంచి పైజేబులో పెట్టుకోండి.